చిటికెన వ్రేలంత భోషాణము

పూర్వము మన పల్లెలలో ప్రతి యింటను ఒక సందుగ ఉండెడిది. కలిగినవారి యిండ్లలో అది పెద్ద కఱ్ఱ భోషాణము; పేదల యిండ్లలో రేకుపెట్టె. భూమి పట్టాలు, అప్పుపత్రములు, పిల్లల జాతకములు, పెండ్లినాటి వెండి అందులో భద్రపఱచెడివారు. తాళపుచెవి ఇంటి పెద్దావిడ బొడ్డున వ్రేలాడుచుండెడిది. ఆ తాళము గొప్పది కాదు. ఊరి కమ్మరి దానిని గడియలో విప్పగలడు. కాని భోషాణమును ఎత్తుకొని పోవలెనన్నచో నలుగురు మనుష్యులు, ఒక బండి కావలెను. కావున తాళముకంటె పెట్టె బరువే దానికి కావలి యనవచ్చును.

సిద్దిపేట జిల్లా మర్కూకు మండలమున ఎర్రవల్లి యను గ్రామము కలదు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన సిద్దిపేట జిల్లా ఏర్పడుటకు ముందు ఇది మెదకు జిల్లాలో నుండెడిది. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున ఎర్రవల్లియందును, ప్రక్కనున్న నర్సన్నపేటయందును ప్రభుత్వము కట్టించిన రెండు పడకగదుల యిండ్లలో ప్రజలు గృహప్రవేశములు చేసిరి. 2020 మే నెలలో సమీపముననే కొండపోచమ్మ జలాశయమునకు గోదావరి నీరు చేరెను. ఇండ్లు మారినవి, పొలములు మారినవి. వానితోపాటు కాగితములును మారినవి. పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకము, కులధ్రువపత్రము, పదవ తరగతి మార్కుల పట్టిక, గల్ఫు దేశమునకు పోయినవాని పాస్‌పోర్టు నకలు, ఆసుపత్రి చీటీలు — వీనినన్నిటిని స్కాను చేయించి ఒక పెన్ డ్రైవులో నింపుకొనుట నేడు ఎర్రవల్లియందే కాదు, ఏ యూరనైనను సాధారణమైనది. నాటి భోషాణము నేడు చిటికెన వ్రేలంత అయినది. చొక్కా జేబులో పట్టును. చొక్కా విప్పి దండెముపై వేసినప్పుడు జారియు పోవును. బరువు అను పాత కావలి దానికి లేదు. మిగిలినది తాళమొక్కటే. ఆ తాళమెట్టిదో, అది ఎట్లు పనిచేయునో, ఎక్కడ తప్పిపోవునో తెలిసికొందము.

ముందుగా ఈ పెట్టెను విప్పి చూతము. పెన్ డ్రైవు కడుపులో తిరుగునది గాని కదలునది గాని ఏదియు లేదు. సన్నని సిలికాను పలకపై కోట్లకొలది సూక్ష్మమైన గదులుండును. ఒక్కొక్క గదిలో కొంత విద్యుదావేశము చిక్కుకొని నిలుచును. కంప్యూటరునుండి ఊడదీసినను ఆ యావేశము చాల కాలము చెదరదు. ఇట్టి స్మృతిఫలకమును 1980 తరువాతి దశాబ్దమున జపానుదేశస్థుడైన ఫుజియో మసువోకా తోషిబా సంస్థలో పనిచేయుచు కనిపెట్టెను. దీనినుపయోగించి చేసిన పెన్ డ్రైవులు 2000 సంవత్సరమున అంగడికి వచ్చినవి. అప్పటివానిలో ఒకదానికి పట్టినది 8 మెగాబైట్లు మాత్రమే. నేడు కొన్ని వందల రూపాయలకు దొరకు 32 గిగాబైట్ల డ్రైవు దానికి నాలుగువేల రెట్లు పెద్దది. స్కాను చేసిన పుట ఒకటి అర మెగాబైటు ఉండుననుకొన్నచో 64,000 పుటలు అందులో నిముడును. ఒక గ్రామములోని కుటుంబములన్నిటి కాగితములను ఒక పిల్లవాడు జేబులో వేసికొని సైకిలెక్కి పోవచ్చునన్నమాట.

ఈ గదుల గుణము మఱియొకటి కలదు. మనము ఒక ఫైలును తుడిచివేసినామనుకొందుము. నిజమునకు చాలమట్టుకు తుడుపుపడునది ఫైలు కాదు, ఆ ఫైలు ఫలానచోట నున్నదని చెప్పు విషయసూచికలోని పంక్తి మాత్రమే. పుస్తకములో విషయసూచిక చించినంత మాత్రమున పాఠము చెరగదు గదా! క్రొత్త వ్రాత ఆ చోటికి వచ్చి పడువఱకు పాత వ్రాత అట్లే యుండును. దానిని వెలికితీయు సాధనములు ఉచితముగనే దొరకును. డ్రైవు అమ్మివేసినవారు, చేబదులు ఇచ్చినవారు ఈ సంగతి నెఱుగక ఇక్కట్ల పాలగుదురు.

ఇంకొక భ్రమ. కొందఱు యువకులు ఫైలును ‘దాచు’ అను గుర్తు పెట్టి తృప్తి చెందుదురు. అది తలుపు వెనుక నిలుచున్న పిల్లవాని దాగుడుమూత వంటిది. దాచిన ఫైళ్లను చూపుమని కంప్యూటరును కోరినచో అది వెంటనే చూపును. మఱికొందఱు తమ కంప్యూటరులోనికి ప్రవేశించుటకు పాస్‌వర్డు పెట్టుకొని, ఇక తమ పెన్ డ్రైవుకు భయము లేదనుకొందురు. ఆ పాస్‌వర్డు ఇంటి వాకిలికి కావలి. సందుగను బయటకు తీసికొనిపోయి వేరొక యింటిలో తెఱచిన, ఆ వాకిలి ఏమి చేయగలదు?

ఇట్టి వాకిలికావలిని నమ్ముకొన్నందున ఎట్టి యుపద్రవము కలుగునో తెలంగాణమున 2023వ సంవత్సరమున బయటపడినది. అది లక్షలాది యువకుల జీవితములకు తాకినది. కావున దానిని కొంత వివరముగా చెప్పవలెను.

రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమీషను 503 గ్రూపు-1 ఉద్యోగములకు 2022 అక్టోబరు 16వ తేదీన ప్రాథమిక పరీక్ష జరిపెను. రెండున్నర లక్షలకు మించిన అభ్యర్థులు వ్రాసిరి. వారిలో 25,050 మంది తరువాతి పరీక్షకు అర్హులైరి. పల్లెలనుండి పట్టణమునకు వచ్చి, ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి యుండి, ఇంటినుండి తెచ్చిన బియ్యము వండుకొని, గ్రంథాలయములలో రాత్రింబవళ్లు చదివినవారు అందులో నెందఱో. 2023 మార్చి నెలలో పిడుగువంటి వార్త వెలువడినది. మార్చి 5వ తేదీన జరిగిన అసిస్టెంటు ఇంజనీరు పరీక్ష ప్రశ్నపత్రము ముందే బయటికి పొక్కినదని తేలినది. పోలీసులు చెప్పిన ప్రకారము, కమీషను కార్యాలయములో పనిచేయువారే రహస్యవిభాగపు కంప్యూటరులోనికి చొరబడి, ప్రశ్నపత్రములను పెన్ డ్రైవులోనికి ప్రతి తీసికొనిరి. ఆ కంప్యూటరు పాస్‌వర్డు ఒక డైరీనుండి గ్రహింపబడినదని మొదట పత్రికలలో వచ్చెను. అది చిక్కిన తీరునుగూర్చి తరువాత వేఱు కథనములును వెలువడినవి. ఏది యెట్లున్నను తలుపు పగులలేదు, తాళము విఱుగలేదు, బీరువా కదలలేదు. ప్రతి తీసిన పిమ్మట అసలు పత్రములు ఉన్నచోటనే ఉండెను. ఏమియు పోయినట్లు కనబడకుండ సమస్తమును పోయినది.

అసిస్టెంటు ఇంజనీరు పరీక్ష రద్దయ్యెను. మార్చి 17వ తేదీన గ్రూపు-1 ప్రాథమిక పరీక్షయు, మఱి రెండు పరీక్షలును రద్దు చేయబడినవి. గ్రూపు-1 పరీక్షను 2023 జూన్ 11వ తేదీన మరల జరిపిరి. దానిని సెప్టెంబరులో వేఱు కారణముచేత — అభ్యర్థుల వ్రేలిముద్రలు తీసికొనలేదని — ఉన్నత న్యాయస్థానము రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనను ఉపసంహరించి 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన నిచ్చిరి. జూన్ 9వ తేదీన మూడవమాఱు ప్రాథమిక పరీక్ష జరిగినది. ఒక్క పరీక్ష మూడుమార్లు! రెండవమారు రద్దుకు పెన్ డ్రైవు కారణము కాదు; అది వేఱు సంగతి. కాని మొదటి రద్దుకు మాత్రము మూలము జేబులో పట్టు వస్తువే. నిజాయితీతో చదివి నెగ్గినవాడు, ఏ తప్పును చేయనివాడు, మరల మొదటి మెట్టున నిలువవలసివచ్చెను. వయఃపరిమితి దాటుచున్నవానికి, తమ్ముని చదువు మాన్పించి అన్నను చదివించిన తల్లిదండ్రులకు, ఆ సంవత్సరములను ఎవరు తిరిగి యీయగలరు? రహస్యమును కాపాడుట రహస్యము గలవాని కొఱకే యని తలంచువారు ఈ సంగతిని గమనింతురు గాక.

ఇప్పుడొక ప్రశ్న. ప్రతి తీయుటను ఎట్లు ఆపవలెను? పూర్తిగ ఆపుట కష్టము. ఫైలును చూడగలిగిన కంప్యూటరు దానిని ప్రతియును తీయగలదు. అందుచేత తెలిసినవారు వేఱొక యుపాయము పన్నిరి: దొంగ ప్రతి తీసికొన్నను వానికి అర్థము కాని రూపమున ఫైలును ఉంచుట. దీనికే గుప్తీకరణమని పేరు. కంప్యూటరు వాడువారు దీనిని ఎన్‌క్రిప్షను అందురు.

ఇది క్రొత్త యుపాయము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున వేగులవారు గూఢలేఖ్యముల మూలమున వార్తలు పంపుట చెప్పబడినది. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పమను పేర మర్మభాష యొకటి. తీరు తెలియుటకు మన వర్ణమాలతోనే చిన్న ప్రయోగము చేయుదము. ప్రతి హల్లుకు బదులు దాని తరువాతి హల్లును వ్రాయవలెను. గుణింతపు గుర్తులు కదలవు. అప్పుడు ‘చెరువు’ అను మాట ‘ఛెలుశు’ అగును: చకారము ఛకారమైనది, రకారము లకారమైనది, వకారము శకారమైనది. చూచినవానికిది పిచ్చివ్రాత, ‘ఒక యక్షరము ముందుకు’ అను కీలక మెఱిగినవానికి చెరువు. ఇందులో రెండంశములు వేఱువేఱుగ నున్నవి, చూడుడు. అక్షరములను జరుపు పద్ధతి ఒకటి. ఎన్ని జరుపవలెనను తాళపుచెవి మఱియొకటి.

ఈ మర్మము పిల్లలాటకు మాత్రమే పనికివచ్చును. హల్లులు క మొదలు ఱ వఱకు 36 అనుకొన్నచో, జరుపు విధములు 35 మాత్రమే. ఓపిక గల పిల్లవాడు అరగంటలో అన్నిటిని పరీక్షించి చెరువును పట్టుకొనును. తాళము గట్టిపడవలెనన్నచో తాళపుచెవుల సంఖ్య ఎవ్వరును పరీక్షింపలేనంత పెద్దది కావలెను.

1883లో పారిసు నగరమున జర్మను భాష బోధించిన అగస్టు కెర్కాఫ్స్ అను పండితుడు సైన్యపు గూఢలిపులనుగూర్చి వ్రాయుచు ఒక నియమము చెప్పెను. పద్ధతి శత్రువు చేతిలో పడినను నష్టము రాకూడదు. రహస్యము తాళపుచెవియందే యుండవలెనని దాని సారము. నేటి గుప్తీకరణమంతయు ఈ నియమముపై నిలిచినది. ‘మా పద్ధతి ఏమో ఎవరికిని చెప్పము, అందుచేత నమ్ముడు’ అను అంగడివాని మాటను నమ్మరాదని నా యభిప్రాయము. లోకమంతయు పరీక్షించి విఱువలేకపోయిన పద్ధతియే నమ్మదగినది. అట్టిది ఏఈఎస్ అను పద్ధతి. బెల్జియము దేశస్థులైన జోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ అను ఇరువురు దానిని రచించిరి. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ బహిరంగముగ పోటీ పెట్టి, లోకములోని గణితజ్ఞుల విమర్శకు లోనుచేసి, 2001 నవంబరులో దానిని ప్రమాణముగ స్వీకరించెను. దాని విధానము అచ్చుపుస్తకములలో నున్నది, ఎవరైనను చదువవచ్చును. అందు చిన్న తరగతి తాళమునకే సాధ్యమైన చెవుల సంఖ్య వ్రాయుటకు 39 అంకెలు కావలెను. పెద్ద తరగతికి 78 అంకెలు. ప్రపంచములోని కంప్యూటరులన్నియు కలిసి ఒక్కొక్క చెవిని పరీక్షించుచు కూర్చున్నను మన జీవితకాలమున కాదు, మనుమల కాలమునను ముగియదు.

అట్లయిన తాళము గెలిచినది, దొంగ ఓడినాడు అనవచ్చునా? తొందరపడరాదు. దొంగ తాళము జోలికి పోడు, తాళపుచెవిని వెదకును. మనము 39 అంకెల చెవిని జ్ఞప్తియందుంచుకొనలేము గనుక, పాస్‌వర్డు చెప్పిన కంప్యూటరు దానినుండి అసలు చెవిని తయారుచేసికొనును. పాస్‌వర్డు సులభమైనదైనచో ఆ 39 అంకెల కోట యంతయు వ్యర్థము. నాలుగంకెల సంఖ్య పెట్టినవానికి దొంగ 10,000 మార్లు ప్రయత్నించిన చాలును, యంత్రమునకది క్షణములపని. పుట్టినతేదీ, ఫోను సంఖ్య, ఊరిపేరు, ఇలవేలుపు పేరు — వీనిని ఊహించుటకు యంత్రము కూడ అవసరము లేదు, ప్రక్కింటివాడు చాలును. ఎనిమిది చిన్న ఆంగ్లాక్షరములను అడ్డదిడ్డముగ పెట్టినచో 20,882 కోట్ల విధములు వచ్చును. ఇది గొప్పసంఖ్యవలె కనబడును గాని, దొంగిలించిన ఫైలును ఇంట పెట్టుకొని నింపాదిగా పరీక్షించు యంత్రములకు ఇది చాలదు.

మఱి ఏమి చేయవలెను? 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అను అమెరికను ఒక చక్కని పద్ధతి చెప్పెను. 7,776 మాటల పట్టిక యుండును. పాచికను ఐదుమార్లు వేసి, పడిన అంకెలనుబట్టి పట్టికనుండి ఒక మాటను తీసికొందురు. ఆఱు ముఖముల పాచిక ఐదుమార్లు పడు విధములు 7,776 గనుకనే ఆ సంఖ్య. ఇట్లు ఐదు మాటలు తీసి వరుసగ నుంచిన, సాధ్యమైన వరుసల సంఖ్యకు 20 అంకెలు పట్టును. మన పిల్లలు మన మాటలతోనే ఇట్టి పట్టిక చేసికొని ఆంగ్లలిపిలో వ్రాసికొనవచ్చును. ‘గంప, నక్షత్రము, పెసలు, తాటాకు, మేనమామ’ వంటి పొందికలేని వరుస ఒకమారు విన్నచో నవ్వు వచ్చును. నవ్వు వచ్చినది జ్ఞప్తియందుండును. (ఇక్కడ అచ్చుపడిన ఈ వరుస ఇక రహస్యము కాదు గనుక దీనిని వాడరాదు.) మాటలను పాచికయే యెన్నవలెను, మనము ఎన్నరాదు. మనమెన్నినచో తెలియకుండగనే సామెతలోనికో, పాటలోనికో జారుదుము. వానిని దొంగయు ఎఱుగును.

గుప్తీకరణము చేయు సాధనములనుగూర్చి క్లుప్తముగ చెప్పెదను. విండోసు కంప్యూటరులలో 2009నుండి ‘బిట్‌లాకర్ టు గో’ అను సౌకర్యమున్నది. ఇది పెన్ డ్రైవునంతటిని మూయును. క్రొత్తగా మూయుటకు ఆ విండోసు ‘ప్రో’ వంటి తరగతిది కావలెను. మూసినదానిని పాస్‌వర్డుతో తెఱచుటకు ‘హోమ్’ తరగతియు చాలును. ‘వేరాక్రిప్ట్’ అనునది ఉచితము, 2013లో వెలువడినది. డ్రైవులో కొంత చోటును మూసిన గదిగ చేసి, తక్కిన చోటును మామూలుగ వాడుకొననిచ్చును. లైనెక్సు కంప్యూటరులలో ‘లక్స్’ అను పద్ధతి కలదు. ఒకటి రెండు ఫైళ్లే యున్నయెడల ‘సెవెన్‌జిప్’ అను ఉచిత సాధనముతో వానిని మూటకట్టి, పాస్‌వర్డు పెట్టవచ్చును; ఇదియు ఏఈఎస్‌నే వాడును. కాని అందు ఫైళ్ల పేర్లనుకూడ మూయుమని వేఱుగ కోరవలెను. కోరనిచో మూటలోని కాగితము కనబడదు గాని దాని పేరు కనబడును. ‘అక్క క్షయవ్యాధి పరీక్ష’ అను పేరు కనబడిన తరువాత కాగితము కనబడకపోయిన నేమి?

జిరాక్సు దుకాణముల సంగతి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఎర్రవల్లి విద్యార్థిని యొకతె గజ్వేలులోని ఏదో యొక దుకాణమునకు పోయినదనుకొనుడు. ఉపకారవేతనపు దరఖాస్తుకు ఒక్క ధ్రువపత్రము అచ్చు కావలెను. “అన్నా, ఇండ్లకెల్లి ఒక్క కాయితం తియ్యు” అని పెన్ డ్రైవు చేతికిచ్చును. అతడు మంచివాడే కావచ్చును. కాని వెనుక పదిమంది నిలుచున్నారు. తొందరలో డ్రైవులోని ఫైళ్లనన్నిటిని తన కంప్యూటరులోనికి దించుకొని, అచ్చువేసి, తుడుచుట మఱచును. ఆ కంప్యూటరులో అప్పటికే దూరిన క్రిమిప్రోగ్రాములు ఆమె డ్రైవులోనికి ఎక్కును. అక్కడనుండి పాఠశాల కంప్యూటరులోనికి, అక్కడనుండి ఉపాధ్యాయుని డ్రైవులోనికి. గుప్తీకరణము చేసిన డ్రైవైనను అక్కడ పాస్‌వర్డు కొట్టి తెఱచినచో తాళము తెఱచిన పెట్టెయే గదా. పైగా మీటలపై కొట్టిన యక్షరములను దొంగచాటుగ వ్రాసికొను ప్రోగ్రాములును కలవు. కావున దుకాణమునకు తీసికొనిపోవు డ్రైవు వేఱుగ నుండవలెను. కావలసిన ఒక్క కాగితమే అందులో నుండవలెను. ఇంటి భోషాణము అంగడికి పోరాదు.

డ్రైవులు పోవుట పెద్దలకును తప్పలేదు. ఇంగ్లండులో గ్రేటర్ మాంచెస్టరు పోలీసు అధికారి యింట ఒక పెన్ డ్రైవు దొంగిలింపబడినది. నేరపరిశోధనలతో సంబంధము గల వేయిమందికి మించినవారి వివరములు అందు ఏ తాళమును లేక యుండెను. 2012 అక్టోబరులో ఆ పోలీసుశాఖకు 1,50,000 పౌనుల జరిమానా విధించిరి. 2017లో లండను వీథిలో ఒక బాటసారికి పెన్ డ్రైవు దొరకెను. తెఱచిచూడగా హీత్రో విమానాశ్రయమునకు చెందిన వేయికి పైగా ఫైళ్లు. దానికిని తాళము లేదు. మరుసటి సంవత్సరము విమానాశ్రయమువారు 1,20,000 పౌనులు చెల్లించుకొనిరి.

వీనితో పోల్చదగినది జపానులోని అమగసాకి నగరపు కథ. 2022 జూన్‌లో నగరపాలక సంస్థకు పనిచేయు ఒక గుత్తసంస్థ యుద్యోగి నగరవాసులందరి వివరములను, అనగా సుమారు 4 లక్షల 60 వేల మందివి, పెన్ డ్రైవులో పెట్టుకొని బయలుదేఱెను. పని ముగించి, మద్యము సేవించి, దారిలో నిద్రపోయెను. మేల్కొనునప్పటికి సంచి లేదు. ఆ యుద్యోగి చేసిన తప్పు మాంచెస్టరు తప్పుకంటె చిన్నది కాదు. కాని ఆ డ్రైవు గుప్తీకరణము చేయబడియుండెను. మూడుదినములకు సంచి దొరకినది. వివరములు బయటికి పొక్కిన జాడ లేదు. ఈ కథలో వింత యేమనగా, ప్రజలకు ధైర్యము చెప్పబోయి నగరాధికారి యొకడు పత్రికలవారి సమావేశమున పాస్‌వర్డులో అక్షరములు, అంకెలు కలిసి 13 ఉన్నవని చెప్పివేసెను! తాళపుచెవికి ఎన్ని పండ్లున్నవో వీథిలో చాటినట్లయినది. దేశమంతయు ఆయనను తప్పుపట్టినది.

గట్టి తాళమునకు ఇంకొక ముఖము కలదు. అది యజమానినికూడ గుర్తుపట్టదు. స్టీఫన్ థామస్ అను కంప్యూటరు నిపుణుని కథ 2021 జనవరిలో పత్రికలకెక్కినది. 7,002 బిట్‌కాయినుల చెవి ఆయన గుప్తీకరణము చేసిన పెన్ డ్రైవులో నున్నది. పాస్‌వర్డు వ్రాసిన కాగితము పోయినది. ఆ డ్రైవు పదిమార్లు తప్పు చెప్పినచో లోపలి దానిని శాశ్వతముగ మూసివేయునట్టిది. అప్పటికే ఎనిమిదిమార్లు అయిపోయినవి. నాటి ధరనుబట్టి ఆ సొత్తు విలువ ఇరువదికోట్ల డాలర్లకు మించినది.

మనకు బిట్‌కాయినులు లేకపోవచ్చును. కాని మస్కటులోనో దుబాయిలోనో కూలికి పోయిన కొడుకు ఇంటి కాగితములనన్నిటిని మూసి, చెవిని తన మనస్సునందే పెట్టుకొని పోయినాడనుకొనుడు. అక్కడ ఆపద కలిగినది. పాస్‌పోర్టు నకలు, ఒప్పందపు కాగితము వెంటనే కావలెను. ఇంట డ్రైవున్నది; తెఱచువారు లేరు. ఆ యింటి అవ్వ కంప్యూటరును ఎఱుగదు. అయినను ఆమె అడుగు ప్రశ్న మాత్రము నిపుణులడుగు ప్రశ్నయే: “మంచిగనే ఉన్నది బిడ్డా, చెవి ఎవరి తాన పెట్టినవు?”

దీనికి సమాధానము ముందుగనే ఉండవలెను. బిట్‌లాకరు మూయునప్పుడు 48 అంకెల పునరుద్ధరణ చెవి నొకదానిని ఇచ్చును. దానిని కాగితముపై అచ్చువేసి, డ్రైవుతోపాటు గాక, వేఱొకచోట ఉంచవలెను. పాస్‌వర్డును కాగితముపై వ్రాయుట తప్పని కొందఱందురు. నేనట్లనను. ఇంటిలో తాళము వేసిన బీరువాలో, పెద్దలకు తెలిసిన కవరులో నుండు కాగితము వేఱు. కార్యాలయపు బల్లపై పదిమంది త్రిప్పు డైరీ వేఱు. మొదటిదానిని తీయుటకు దొంగ ఇంటికి రావలెను. రెండవదానికి కన్నెత్తి చూచిన చాలును. ఇక డ్రైవు ఒక్కటే యుండరాదు. ఈ విద్యుదావేశపు గదులు ఎండకు, తడికి, వయస్సుకు లొంగును, చెప్పకయే చచ్చును. ముఖ్యమైన కాగితములకు గుప్తీకరణము చేసిన రెండవప్రతి మఱియొక యింట, మేనత్తయింటనో పెదనాన్నయింటనో ఉండుట మేలు. మూసియున్నది గనుక వారు చదువుదురన్న శంకయు లేదు.

చట్టము కూడ ఇప్పుడు ఈ విషయమున మేల్కొన్నది. 2017 ఆగస్టు 24వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని ఏకగ్రీవముగ తీర్పుచెప్పెను. ఆ వ్యాజ్యము వేసిన పుట్టస్వామి కర్ణాటకలో న్యాయమూర్తిగ పనిచేసి విశ్రమించిన వృద్ధుడు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణచట్టమును చేసినది. ప్రజల వివరములను తమయొద్ద నుంచుకొని తగిన జాగ్రత్త తీసికొననివారికి 250 కోట్ల రూపాయల వఱకు దండనము విధించుటకు అందు అవకాశము కలదు. ఒకని పాస్‌వర్డును మోసముతో వాడినవానికి 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66సి విభాగము క్రింద మూడేండ్లవఱకు చెఱసాలయు, లక్షరూపాయలవఱకు జరిమానాయు పడవచ్చును. మోసపోయి సొమ్ము పోగొట్టుకొన్నవారు 1930 అను సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. ఎంత త్వరగ చేసిన, పోయిన సొమ్మును మార్గమధ్యమున ఆపుటకు అంత యవకాశము.

తుదకు పాతబడిన డ్రైవు సంగతి. మొదటినుండి గుప్తీకరణము చేసి వాడినదైనచో దానిని పాఱవేయుట తేలిక. చెవి లేనివానికి అందులో దొరకునది అర్థములేని అక్షరరాశియే. అట్లు వాడనిదానిని మాత్రము అమ్మరాదు, ఎవరికిని ఈయరాదు. తుడిచినామని నమ్మి చెత్తబుట్టలో వేయనురాదు. పైతొడుగు విప్పిన లోపల చింతగింజంత నల్లని పలక కనబడును. స్మృతి యుండునది దానియందే. దానిని రెండుమూడు ముక్కలగునట్లు సుత్తితో కొట్టవలెను; మెఱయు రేకుముక్క కంప్యూటరులో దూర్చుకొను మూతి మాత్రమే గనుక, దానిని కొట్టి ఊరకుండినచో పని కాదు.